పొగ ఉడకవెట్టది, పోపు పెడ్తది: ఖీమా గుడ్లు ఇంట్ల చేసుకునుడెట్ల?

(డాబా మీద కెమెరా. ఎనక కుంపటి, ఇంక అంటువెట్టలేదు.)

నమస్తే అందరికి. ఇయ్యాల సీదా ముచ్చటలకే వస్త, ఎందుకంటే ఇది కోపమొచ్చి చేస్తున్న వీడియో.

మీరు సుత చూసే ఉంటరు. ఉడకవెట్టిన గుడ్డుకు పచ్చి చికెన్ ఖీమా చుడ్తరు, గిన్నెల పెడ్తరు, మధ్యల ఉల్లిగడ్డ పొర, అండ్ల ఎర్రటి బొగ్గు, మీద రెండు సుక్కల నెయ్యి. బుస్సుమని పొగ. మూత. అయిదు నిమిషాలకు మూత తీసి "స్మోక్డ్ ఎగ్ రెడీ, సుక్క నూనె లేదు, మస్తు హెల్దీ" అంటరు. కోసి మాత్రం చూపియ్యరు. ఎట్ల చూపిస్తరు? లోపల చికెన్ పచ్చిగనే ఉంటది!

పొగ ఉడకవెట్టది. ఉడకవెట్టేది వేడి. పొగ అంటే పోపు అనుకోండ్రి. పప్పు ఉడకకముందే పోపు పెట్టి, మూత పెట్టి, అయిపోయింది తినుండ్రి అంటే మీ ఇంట్ల ఊకుంటరా? పోపుతోని వాసన వస్తది, రుచి వస్తది, పప్పు మాత్రం ఉడకది. గుడ్డు ఖీమాకు పొగ సుత అంతే.

ఈ వంట కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌ల స్కాచ్ ఎగ్ అంటరు. గుడ్డుకు పంది మాంసం సాసేజ్ ముద్ద చుట్టి, బ్రెడ్ పొడి అద్ది, నూనెల ముంచి వేయిస్తరు. 1738ల మేమే మొదలువెట్టినం అని లండన్‌ల ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణమోళ్లు చెప్పుకుంటరు. మనకాడ నర్గీసి కోఫ్తా ఉండనే ఉన్నది, అది సుత గుడ్డుకు ఖీమా చుట్టి వేయించేదే. ఎవలు ఎవలను చూసి నేర్చుకున్నరు అనే పంచాయితీల నేను దూరను. రెండిట్ల నూనె దండిగ పడ్తది, మనకు కావాల్సింది ఆ నూనె తీసేసుడు.

(దగ్గరి షాట్: ఒక పళ్లెంల బొగ్గులు, ఇంకో పళ్లెంల మామిడి కట్టె ముక్కలు.)

ఇగ చానమందికి తెల్వని సంగతి ఒకటి. బొగ్గు మీద నెయ్యి వేస్తే వచ్చేది కట్టె పొగ కాదు, నెయ్యి పొగ. కట్టెను బొగ్గు చేసిననాడే అండ్ల వాసనిచ్చే సరుకు చానమట్టుకు ఎగిరిపోయింది. మిగిలింది కార్బనే. అందుకే బాగ రాజుకున్న నిప్పుల కాడ వేడి తగుల్తది గని వాసన పెద్దగ రాదు. అసలు రుచి ఎండిన కట్టెల ఉంటది. చెట్టు గట్టిగ నిలవడానికి కట్టెల లిగ్నిన్ అని ఒక పదార్థం ఉంటది. అది కాలినప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ అనేటివి పుడ్తయి. పొగ వాసన అని మన ముక్కు గుర్తువట్టేది ముఖ్యంగ వీటినే. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ ఏం లేకుంట ఉత్త నూనె కాగవెట్టి పప్పుల పోస్తే దాన్ని పోపంటరా? ఉత్త బొగ్గు గట్లనే. బొగ్గు వేడి కోసం, కట్టె ముక్క వాసన కోసం. రెండూ వేరు పనులు.

ఏ కట్టె అంటే మామిడి, జామ, చింత, తుమ్మ, ఏదైనా సరే, మంచిగ ఎండినది కావాలె. వేప వద్దు, చేదు. సామిల్లుల పొట్టు ఊరికే వస్తది గదా అని తెచ్చుకోకుండ్రి. అండ్ల ప్లైవుడ్ పొట్టు కలిసి ఉండొచ్చు, ప్లైవుడ్ పొరలను అతికిచ్చేది గమ్ముతోనే. రంగులేసిన కట్టె, పాలిష్ చేసిన కట్టె అసలే వద్దు.

కట్టె ముక్కలు నీళ్లల్ల నానవెట్టాలె అని సుత ఒకటి నడుస్తున్నది. నానవెడ్తే ముందుగాల ఆ నీళ్లు ఆవిరైతయి, మీరేమో ఆ తెల్లటి ఆవిరిని చూసి పొగ వస్తున్నదని ఖుషీ అయితరు. అటెనుకనే అసలు పొగ. నానవెట్టుడు దండుగ.

పొగ ఎంత ఎక్కువుంటే రుచి అంత అనేది ఇంకో పిచ్చి. తెల్లగ, దట్టంగ, కండ్లు మండేటట్టు వస్తున్నదంటే కట్టెకు గాలి చాలక సగం సగం కాలుతున్నదన్నట్టు. అది మాడిన పోపు. పిడికెడు మెంతులు మాడిస్తే గంజెడు పప్పు చేదైతది, ఎవలు బాగు చేస్తరు? పొగ పల్చగ, జర నీలంగ, ఎనక గోడ మంచిగ కనవడేటట్టు ఉండాలె. తెల్లగ వస్తుంటే గాలి రంధ్రం తెరవుండ్రి, అది తగ్గిందాంక గుడ్లు లోపల పెట్టకుండ్రి.

ఒక్క కాడ మాత్రం నా పోపు లెక్క తప్పుతది. పప్పుకు పోపు ఆఖరికి పెడ్తం, ఖీమాకు పొగ మొదటనే పట్టియ్యాలె. పొగ సల్లగ, తడిగ ఉన్నదాని మీదనే మంచిగ అంటుకుంటది. పైన ఎండి, వేడెక్కినంక ఎంత పొగ పెట్టినా పెద్దగ పట్టది. అందుకే గుడ్లు ఫ్రిజ్‌లకెల్లి తీసి సీదా కుంపట్ల పెడ్తం.

ఇగ హెల్దీ అనే మాట. దీని మీద నాకు ఇంక ఎక్కువ కోపం.

ఈ వంటల ఆరోగ్యం ఏడున్నదంటే నూనెల వేయించకపోవుడుల ఉన్నది, మాంసం ఎంచుకునుడుల ఉన్నది. తోలు తీసిన కోడి తొడ మాంసంల వంద గ్రాములకు 4 గ్రాముల అటుఇటుగ కొవ్వు ఉంటది. పంది సాసేజ్‌ల 25 గ్రాములు సుత మామూలే. కొనుక్కొచ్చే సాసేజ్‌ల చానమట్టుకు పాడుగాకుంట నైట్రైట్ అనే రసాయనం వేస్తరు, ఉప్పు బాగ దట్టిస్తరు. మనం చేసుకుంటే ఉప్పు మన చేతిల ఉంటది. ఇంతవరకు లాభం.

పొగ మాత్రం లాభం ఖాతాల పడది. కట్టె కాలినా, కొవ్వు నిప్పుల మీద పడి కాలినా పీఏహెచ్ అనే రసాయనాలు పుడ్తయి, వాటిల కొన్ని క్యాన్సర్ తెచ్చేటివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015ల ప్రాసెస్ చేసిన మాంసాన్ని గ్రూప్ 1ల పెట్టింది. ఉప్పుల ఊరవెట్టింది, పొగవెట్టింది రెండూ ఆ లెక్కలకే వస్తయి. గ్రూప్ 1ల సిగరెట్ సుత ఉన్నది గని ఆ గ్రూప్ చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదో, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. కాబట్టి భయపడకుండ్రి, అట్లని "పొగవెట్టింది కాబట్టి ఆరోగ్యం" అని సుత అనకుండ్రి. పోపు లెక్కనే ఒక చెంచా. ఎప్పుడన్న ఒకపారి. రోజు పొద్దున టిఫిన్ కింద తినే వస్తువు కాదిది.

ఆ బొగ్గు మీద నెయ్యి పోసే ముచ్చట యాదికున్నదా? కొవ్వు నిప్పుల మీద కాలుడు అంటే అదే. హెల్దీ అని చెప్పుకుంట చేస్తున్నది అది!

(బల్ల మీద సామాను.)

ఆరు గుడ్లకు అరకిలో ఖీమా, అంటే గుడ్డుకు 80 గ్రాముల లెక్క. బ్రెస్ట్ పీస్ వద్దు, గంట సేపు వేడిల పీచులెక్క ఎండిపోతది. తొడ బోన్‌లెస్, తోలు లేకుంట. ఆదివారం పొద్దున షాపుల రష్‌ల మిషన్ కడుగుతరో లేదో మనకెర్కలేదు, అందుకే నేను ముక్కలు తెచ్చుకొని కడిగి, బట్టతోని తడి మొత్తం అద్ది, ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌ల పెట్టి, మిక్సీల ఆపుకుంట ఆపుకుంట తిప్పుత. ఒకటే పట్టున తిప్పితే మిక్సీ వేడికి కొవ్వు కరిగి ఖీమా జిడ్డైతది.

ఉప్పు ఒక టీ చెంచా, అంతకు మించొద్దు. అల్లం ఎల్లిగడ్డ, కొత్మీర, పుదీన, మిరియాలు. కారం విషయంల మాత్రం వరంగల్లోళ్లం అదృష్టవంతులం: మన చపాట మిర్చి ఉన్నది. ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే జీఐ గుర్తింపు సుత వచ్చింది. రంగు మస్తు, మంట తక్కువ. రెండు చెంచాలు వేసినా నోరు కాలది. పచ్చి ఉల్లిగడ్డ వేయకుండ్రి, నీళ్లు వదులుతది. రెండు చెంచాల జొన్నపిండి వేసుకోండ్రి.

ఇప్పుడు పిసుకుడు. ఉప్పు, సల్లదనం, పిసుకుడు, సాసేజ్ రహస్యం ఈ మూడే. ఉప్పు పడ్డంక మాంసంలకెల్లి మయోసిన్ అనే ప్రొటీన్ బయటికొస్తది, అదే గమ్ము. మూడు నాలుగు నిమిషాలు గట్టిగ పిసికి, కొంచెం అరచేతికి అంటిచ్చి చెయ్యి తలకిందులు చేయుండ్రి. పడకపోతే అయినట్టు. కోడిగుడ్డు సొన కలిపితే అతుక్కుంటది అంటరు గని అది మెత్తవడుడు తప్ప ఏం లేదు.

గుడ్లు. కాగే నీళ్లల్ల వేసి ఏడు నిమిషాలు, తీసి ఐసు నీళ్లల్లకు. మళ్ల గంట సేపు వేడి తగుల్తది కాబట్టి పన్నెండు నిమిషాలు ఉడికిచ్చినరంటే పచ్చసొన చుట్టు ఆకుపచ్చ గీత వస్తది. సొనల ఇనుము, తెల్లదాంట్ల గంధకం కలిసి అయ్యేది అది. తింటే ఏం కాదు, కోసినప్పుడు పాడుగ కనవడ్తది అంతే. ఫారంకెల్లి అప్పుడే వచ్చిన గుడ్లు వద్దు, పెంకు సక్కగ రాది. వారం దినాలు ఫ్రిజ్‌ల ఉన్నయి మంచిగొస్తయి.

పెంకు తీసిన గుడ్డును తుడిచి, జొన్నపిండిల దొర్లించుండ్రి. తడి గుడ్డుకు ఖీమా అతకది, వేడికి చీలిపోతది. పాలకవర్ మీద నూనె చెయ్యితోని ఖీమాను పల్చగ ఒత్తి, మధ్యల గుడ్డు పెట్టి, కవర్‌తోనే మూసుకుంట రావాలె. అంతట ఒకటే మందం ఉండాలె, గాలి ఉండొద్దు. అటెనుక అరగంట ఫ్రిజ్‌ల.

(కుంపటి అంటువెడ్తడు. ఎండ దిగుతున్నది.)

వెలుతురు పోతున్నది, జల్ది చెప్త. బొగ్గులు ఒక దిక్కే కుప్ప. రెండో దిక్కు కింద స్టీలు పళ్లెంల నీళ్లు, దాని మీద జాలి, జాలి మీద గుడ్లు. నిప్పుల మీద గుడ్లు అసలే వద్దు. కారిన కొవ్వు ఆ నీళ్లల్ల పడ్తది, నిప్పుల మీద పడది. ఇందాక చెప్పిన పీఏహెచ్ తగ్గించే పని ఈ పళ్లెమే చేస్తది, దీనికి పైసా ఖర్చు లేదు. మూతకు గుడ్ల దిక్కు రంధ్రం ఉండాలె. లోపల 120 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలె. కట్టె ముక్కలు ఒక పిడికెడు, మొదటి ఇరవై నిమిషాలకే. తర్వాత ఉత్త వేడి. మొత్తం గంట, గంటంబావు.

అయ్యిందా లేదా రంగు చూసి చెప్పకుండ్రి. పొగల ఉండే నైట్రిక్ ఆక్సైడ్ అనే గాలికి మాంసం ఉడికినా గులాబీ రంగుల ఉండొచ్చు, మీదికెల్లి మన చపాట ఎరుపు. వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోండ్రి. ఖీమాల అడ్డంగ గుచ్చుండ్రి, గుడ్డుల కాదు. చికెన్‌కు 74 డిగ్రీలు. మటన్ అయితే 71.

అపార్ట్‌మెంటోళ్లు: ఇంట్ల బొగ్గులు అంటువెట్టకుండ్రి, బాల్కనీ తలుపు తెరిచినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండది, మనిషిని తీస్కపోతది. మీరు గ్యాసు మీద చేసుకోండ్రి. సర్వపిండి చేసే మందపు గంజు తీసుకోండ్రి, నాన్‌స్టిక్ వద్దు. అడుగున ఫాయిల్, ఫాయిల్ మీద రెండు చెంచాల కట్టె పొట్టు, స్టాండు, చిల్లుల పళ్లెం, మూత చుట్టు గోధుమపిండి. పొగ లేసిందాంక పెద్ద మంట, లేసినంక చిన్న మంట, పది నిమిషాలు. కిటికీలు తెరిచి చేయుండ్రి. తర్వాత గుడ్లు తీసి ఓవెన్‌ల 180 డిగ్రీల మీద ఇరవై అయిదు నిమిషాలు, మళ్ల థర్మామీటరే. ఎయిర్ ఫ్రైయర్ సుత నడుస్తది. పోపు ఒక కాడ, ఉడుకుడు ఇంకో కాడ, ఏం తప్పు లేదు.

బ్రెడ్ పొడి ఏది అని అడుగుతరు. నూనె లేంది అది కరకరలాడది, తడిసి ముద్దైతది. వద్దు.

పొగవెట్టినం గదా, ఆగుతది అని బయట పెట్టకుండ్రి. ఇది నిల్వ సరుకు కాదు. మామూలు రోజులల్ల రెండు గంటలు, మన మే నెల ఎండలల్ల ఒక్క గంట, ఆ లోపటనే ఫ్రిజ్‌ల పెట్టాలె. మూడు రోజులల్ల తినేయాలె.

దించినంక అయిదు నిమిషాలు ఆగి, తడి కత్తితోని కోయుండ్రి. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, నిమ్మకాయ చాలు. మయోనైజ్ పెట్టుకునేటోళ్లు పెట్టుకోండ్రి, గని మళ్ల నూనె లేదు అని నాకు చెప్పకుండ్రి. ఇగ కెమెరా ఆపుతున్న, పొగ తెల్లగ వస్తున్నది, గాలి రంధ్రం చూడాలె.