గ్రాఫిక్స్ ఎందుకు తేలిపోతాయి?

చర్చలో పాల్గొన్నవారు: ఒక విజువల్ ఎఫెక్ట్స్ సూపర్‌వైజర్, ఒక స్పెషల్ ఎఫెక్ట్స్ మాస్టర్, ఒక ఛాయాగ్రాహకురాలు

సమన్వయకర్త: నమస్కారం. సినిమా చూసి బయటికి వచ్చిన ప్రేక్షకుడు ‘గ్రాఫిక్స్ తేలిపోయాయి’ అని ఒక్క మాటలో తీర్పు ఇచ్చేస్తాడు. లోపం ఏమిటో విడమరిచి చెప్పలేకపోవచ్చు, కన్ను మాత్రం పట్టేస్తుంది. అది ఎక్కడ పుడుతుందో ఈరోజు ముగ్గురు అనుభవజ్ఞులను అడిగి తెలుసుకుందాం. సూపర్‌వైజర్ గారూ, తప్పు కంప్యూటర్ దగ్గరే జరుగుతుందా?

సూపర్‌వైజర్: చాలాసార్లు అంతకంటే ముందే, షూటింగ్ రోజునే జరిగిపోతుందండీ. నటుడి ముఖం మీద వెలుతురు ఎడమవైపు నుంచి పడి ఉంటుంది. ఆయన వెనక మేము నిలబెట్టాల్సిన కోట మీద ఎండ కుడివైపు నుంచి రావాలని కథ చెబుతుంది. ప్రేక్షకులెవరూ నీడలు కొలుచుకుంటూ కూర్చోరు. అయినా ఆ మనిషి ఆ కోట ముందు లేడని వాళ్లకు తెలిసిపోతుంది. అప్పుడిక కోటను ఎంత అందంగా చెక్కినా ప్రయోజనం ఉండదు. ‘ముందు తీసేద్దాం, మిగతాది పోస్ట్ ప్రొడక్షన్‌లో చూసుకుందాం’ అనే మాట వింటే నాకు గుండెల్లో రాయి పడుతుంది.

సమన్వయకర్త: మాస్టారూ, మీ పనికీ వారి పనికీ మధ్య గీత ఎక్కడుంది?

మాస్టర్: కెమెరా నడుస్తున్నప్పుడు దాని ముందు నిజంగా జరిగేది స్పెషల్ ఎఫెక్ట్స్. వాన, మంట, పొగ, పేలుడు, పగిలే అద్దం, లోపల మోటార్లు పెట్టి కదిలించే జంతువు బొమ్మ, ఇవన్నీ మావి. తీసిన దృశ్యంలో తర్వాత చేర్చేవి, చెరిపేవి, మార్చేవి విజువల్ ఎఫెక్ట్స్. అయితే పుట్టినప్పటి నుంచీ ఇవి రెండూ కలిసే బతికాయి. 1895లో ఎడిసన్ సంస్థకు ఆల్‌ఫ్రెడ్ క్లార్క్ ఒక చిన్న చిత్రం తీశారు. స్కాట్లాండ్ రాణి మేరీ శిరచ్ఛేదం అందులో దృశ్యం. గొడ్డలి పైకి లేచేదాకా అక్కడ మనిషి ఉంటుంది. అక్కడ కెమెరా ఆపారు, చుట్టూ ఉన్నవాళ్లు కదలకుండా నిలబడ్డారు, మనిషి స్థానంలో బొమ్మను పెట్టి మళ్లీ కెమెరా తిప్పారు. బొమ్మ మా వాళ్ల పని, అతుకు వీరి పని. ఐంద్రజాలికుడైన జార్జ్ మెలియెస్ అలాంటి కిటుకులతోనే 1902లో చంద్రుడి దాకా ప్రయాణం కట్టారు. మన ‘మాయాబజార్’ 1957 నాటిది. అందులో ఘటోత్కచుడి మాయలు చూసి ఇప్పటికీ పిల్లలు కళ్లప్పగిస్తారంటే, మార్కస్ బార్ట్లీ కెమెరాకు నేను చేతులెత్తి మొక్కుతాను.

సమన్వయకర్త: మేడమ్, వెలుతురు సంగతి సూపర్‌వైజర్ గారు ఎత్తారు. అది మీ చేతిలోది కదా?

ఛాయాగ్రాహకురాలు: నా చేతిలోదే. అందుకే బాధ్యత కూడా నాదే అంటాను. షాట్ ఓకే కాగానే అందరూ తర్వాతి షాట్ కోసం పరుగులు పెడతారు. అదే సమయానికి ఎఫెక్ట్స్ విభాగం నుంచి ఒకరు రెండు గోళాలు పట్టుకుని నటుడు నిలబడిన చోటికి వస్తారు. ఒకటి అద్దంలా మెరుస్తుంది, రెండోది మెరుపు లేని బూడిదరంగుది. మెరిసే గోళంలో చుట్టూ ఉన్న లైట్లు, కిటికీ, ఆకాశం అన్నీ ప్రతిబింబిస్తాయి కాబట్టి ఏ దీపం ఎక్కడుందో తెలుస్తుంది. బూడిదరంగు గోళం మీద వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలైందో, ఆ అంచు గట్టిగా ఉందో మెత్తగా ఉందో కనబడుతుంది. ఆ తర్వాత అదే చోట కెమెరా పెట్టి నలుదిక్కులా వేర్వేరు ఎక్స్‌పోజర్లలో ఫొటోలు తీస్తారు. వాటిని కలిపితే ఆ స్థలంలోని వెలుతురంతా లెక్కల రూపంలో చేతికొస్తుంది. ఆ వెలుతురుతోనే కంప్యూటర్‌లో చేసిన వస్తువును వెలిగించవచ్చని 1998లో పాల్ డెబెవెక్ తన పరిశోధనలో చూపించారు. సెట్‌లో ఇదంతా కొద్ది నిమిషాల పని. ఆ కొద్ది నిమిషాలు ఇవ్వడానికే చాలాచోట్ల చేతులు రావు.

సూపర్‌వైజర్: ఇవ్వకపోతే మా వాళ్లు నటుడి కంటిపాపలో మెరిసే చుక్కను చూసి దీపం ఎక్కడుందో ఊహించుకోవాలి. లెన్స్ ఏదో, కెమెరా ఎంత ఎత్తులో ఉందో రాసిపెట్టకపోతే అదీ ఊహే. ఇంకో సంగతి చెప్పనివ్వండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మామూలుగా ఒక్కో ఫ్రేము సెకనులో 48వ వంతు సేపు వెలుతురును తీసుకుంటుంది. ఆ కాస్త సమయంలో చెయ్యి కదిలితే ఫ్రేములో అది చెదిరి కనిపిస్తుంది. మేము చేసిన పక్షి రెక్క కూడా అంతే చెదరాలి. స్పష్టంగా ఉంటే అందంగానే ఉంటుంది గానీ, ఆ దృశ్యానికి చెందినట్టు ఉండదు. దూరాన ఉన్న కొండ గాలిలోని ధూళి వల్ల పాలిపోవాలి, నలుపు కూడా కాస్త తగ్గాలి. ‘తేలిపోయింది’ అనిపించిన షాట్లలో సగానికి సగం ఇలాంటి చోట్లే దొరికిపోతాయని నా నమ్మకం.

సమన్వయకర్త: నటుల వెనక ఆకుపచ్చ తెర, అంటే గ్రీన్ స్క్రీన్ కట్టి, తర్వాత ఆ రంగును తీసేసి వేరే దృశ్యం పెడతారు కదా. అది ఉంటే ఏదైనా సాధ్యమే అనుకుంటారు...

ఛాయాగ్రాహకురాలు: ఆ తెర దీపం లాంటిదే. ఆకుపచ్చ వెలుతురును వెనక్కి కొడుతుంది. నటిని దానికి దగ్గరగా నిలబెడితే చెంప అంచులకీ, జుట్టుకీ, తెల్లని దుస్తులకీ ఆ రంగు పాకుతుంది. కాబట్టి తెరను దూరం జరపాలి, దానికి వేరే లైట్లు పెట్టాలి, ముడత లేకుండా సమంగా వెలిగించాలి. డిజిటల్ కెమెరా సెన్సర్‌లో సాధారణంగా ఎరుపు గళ్లకూ, నీలం గళ్లకూ ఒక్కోదానికి రెట్టింపుగా ఆకుపచ్చను పట్టే గళ్లు ఉంటాయి. అందుకే ఆ రంగును శుభ్రంగా వేరు చేయవచ్చు. ఫిల్మ్ రోజుల్లో నీలం వాడేవారు. తెరను కట్టేశాం కదా అని చేతులు దులుపుకుంటే మాత్రం, ఆ తర్వాత ఒక్కో వెంట్రుకనూ ఫ్రేము ఫ్రేముకూ వేరు చేసే కష్టం ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది.

సమన్వయకర్త: మాస్టారూ, కంప్యూటర్ ఇంత ఎదిగాక కూడా నీరు, నిప్పు విషయంలో మీ అవసరం తీరలేదంటారు. ఎందుకని?

మాస్టర్: నీటికి తన కొలత తనకుంది, మనం చెప్పినట్టు కుదించుకుపోదు. ఆనకట్ట బద్దలయ్యే దృశ్యం అనుకోండి. పదహారో వంతు కొలతలో చిన్న ఆనకట్ట కట్టాం. బొమ్మ చిన్నదైంది గానీ భూమ్యాకర్షణ తగ్గలేదు. పదహారో వంతు ఎత్తు నుంచి పడే రాయి నాలుగో వంతు సమయంలోనే కింద పడుతుంది. అలాగే చూపిస్తే పిల్లల ఆటలా ఉంటుంది. కాబట్టి కాలాన్ని నాలుగింతలు సాగదీయాలి. సెకనుకు 24 ఫ్రేములకు బదులు 96 తీయాలి. తెర మీద మామూలు వేగంతో చూపితే ఆ గోడకు బరువు వస్తుంది. లెక్క ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నీటిచుక్క? చిన్న ఆనకట్ట దగ్గర కూడా అది అదే పరిమాణంలో ఉంటుంది. తెర మీద చూస్తే ఒక్కో చుక్క బండరాయంత కనబడి గుట్టు రట్టు చేస్తుంది. నురుగూ అంతే, మంట నాలుకలూ అంతే. అందుకే నీరున్న చోట మినియేచర్ ఎంత పెద్దదైతే అంత మేలు. దాన్ని మినియేచర్ అనడానికి నోరు రానంత పెద్దవి కట్టిన సందర్భాలున్నాయి.

సూపర్‌వైజర్: మా దగ్గర ఇబ్బంది వేరే రకం. అల పెద్దగా ఎగసిపడేదాకా కంప్యూటర్ బాగానే లెక్కిస్తుంది. అది విరిగి నురుగై, తుంపరై, ఆవిరిలా లేచే చోట లెక్క అమాంతం పెరిగిపోతుంది. అందుకే మాస్టారి లాంటి వాళ్లు నల్లని తెర ముందు తీసిచ్చిన అసలు తుంపరలను మా అల మీద కలుపుతాం. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ కలయికే.

మాస్టర్: ‘జురాసిక్ పార్క్’ అందరికీ తెలిసిందే, 1993. డైనోసార్లు తెర మీద కనిపించేది సుమారు 15 నిమిషాలు. అందులో కంప్యూటర్‌తో చేసినవి 6 నిమిషాలకు అటూ ఇటూ. మిగతావి స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన యంత్రపు బొమ్మలు. వాన దృశ్యంలో ఆ పెద్ద బొమ్మ చర్మం నీళ్లు పీల్చుకుని బరువెక్కి గజగజ వణికిపోయేదట. షాట్‌కూ షాట్‌కూ మధ్య దాన్ని తుడిచి ఆరబెట్టేవారు. అంత కష్టపడ్డారు కాబట్టే, తర్వాత వచ్చిన కంప్యూటర్ జంతువు చర్మం తడిస్తే ఎలా మెరవాలో వాళ్ల కళ్ల ముందు ఉంది.

సమన్వయకర్త: ‘మా సినిమాలో గ్రాఫిక్స్ లేవు, అంతా నిజంగా తీశాం’ అని ఈమధ్య ప్రచారంలో గొప్పగా చెబుతున్నారు.

సూపర్‌వైజర్: అది మమ్మల్ని నొప్పించే మాట. 2015 నాటి ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ను అంతా నిజంగా తీసినదిగానే చెప్పుకుంటారు. బళ్లు నిజమే, దూకినవాళ్లూ నిజమే. దాంతో పాటు అందులో సుమారు 2000 విజువల్ ఎఫెక్ట్స్ షాట్లున్నాయి. తాళ్లు చెరిపారు, ఆకాశం మార్చారు, కొండలు పెట్టారు. ఎవరికీ కనబడలేదంటే ఆ పని అంత బాగుందని అర్థం. బాగా చేసినందుకే పేరు దక్కకుండా పోవడం అన్యాయం కాదా?

ఛాయాగ్రాహకురాలు: నేను వీరి పక్షమే. పైగా కొన్నింటిని నిజంగా చేయకూడదు కూడా. 2021లో ఒక చిత్రీకరణ స్థలంలో తుపాకి పేలి ఒక ఛాయాగ్రాహకురాలు ప్రాణం పోగొట్టుకున్నారు. కెమెరా వెనక నిలబడి పనిచేస్తున్న మనిషి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తుపాకి కొనలో మెరుపును తర్వాత చేర్చడం ఈనాడు కష్టమైన పనేమీ కాదు. నటుడి చేతికి కుదుపు రావాలంటే గుండు లేని, మందు లేని నకిలీ ఆయుధంలో అమరిక పెట్టవచ్చు. ముఖం మీద వెలుగు పడాలంటే నేను ఒక చిన్న దీపం వెలిగించగలను. ఇంకా మందు కూరిన తుపాకే కావాలని పట్టుబట్టే దర్శకులతో నాకు మాటలు లేవు.

మాస్టర్: పేలుడు పదార్థాలతో పని చేసినవాడిగా చెబుతున్నాను, ఆవిడన్న ప్రతి అక్షరానికీ నేను కట్టుబడతాను.

సమన్వయకర్త: ఇప్పుడు కొన్నిచోట్ల గ్రీన్ స్క్రీన్‌కు బదులు, నటుల వెనక దృశ్యాన్ని చూపించే ఎల్‌ఈడీ గోడలు వచ్చాయి. అవన్నీ మార్చేస్తాయా?

ఛాయాగ్రాహకురాలు: కొంతవరకు. 2019లో వచ్చిన ‘ది మాండలోరియన్’ సిరీస్‌తో వాటికి పేరొచ్చింది. వెనక కనిపించే లోకం వెలుతురు నేరుగా నటుడి మీదే పడుతుంది, లోహపు కవచంలో ఆ ఆకాశమే ప్రతిఫలిస్తుంది. కెమెరా కదిలితే గోడ మీది దృశ్యం కూడా దానికి తగ్గట్టు జరుగుతుంది. కాకపోతే నటుడు నడిచి వెళ్లగలిగే దూరం తక్కువ, గోడ మీద ఫోకస్ పడితే వింత గీతలు వస్తాయి. ఆ లోకాన్ని షూటింగ్‌కు ముందే పూర్తి చేసి పెట్టుకోవాలి. ‘తర్వాత చూసుకుందాం’ అనే వీలు అక్కడ ఉండదు. దాని వల్ల జరిగిన పెద్ద మేలు నా దృష్టిలో అదే.

సమన్వయకర్త: ఈ పని చేసే వారి జీవితాల గురించి ఒక్క మాట.

సూపర్‌వైజర్: ఒక్క మాటలో తేలేది కాదు. 2013 ఫిబ్రవరిలో ‘లైఫ్ ఆఫ్ పై’కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అందులోని పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ అదే నెలలో దివాలా పిటిషన్ వేసింది. వేదిక లోపల అవార్డు, బయట రోడ్డు మీద కళాకారుల నిరసన. మూలం ఎక్కడుందంటే, చాలా చోట్ల మాకు పనిని మొత్తానికి ఒక ధరకు అప్పగిస్తారు. ఆ తర్వాత దర్శకుడు ఆలోచన మార్చుకుంటే అదనపు రాత్రులు మా దగ్గర పనిచేసే పిల్లలవి. ఐదు సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. ఒక అమ్మాయి ప్రతి ఫ్రేములోనూ నటుడి అంచును చేత్తో గీసి వేరు చేసి ఉంటుంది. విడుదలకు పది రోజుల ముందు ‘కెమెరా కోణం నచ్చలేదు, వేరే టేక్ పెడదాం’ అంటారు. ఆ 120 గీతలూ చెత్తబుట్టలోకి వెళతాయి. గడువు మాత్రం జరగదు. అప్పుడు తొందరలో చేసిన షాటే మీరు తెర మీద చూసి ‘తేలిపోయింది’ అనేది. ప్రేక్షకులను నేను తప్పుపట్టను. టికెట్ కొన్నవారికి ఆ మాట అనే హక్కుంది. ఆ మాట ఎవరికి తగలాలో అక్కడికి చేరడం లేదని నా బాధ.

సమన్వయకర్త: సమయం దగ్గరపడింది. ఒక యువ దర్శకుడు ప్రశ్న పంపారు. ‘నా మొదటి సినిమాలో వరద దృశ్యం ఉంది, డబ్బు తక్కువ. ఏం చేయమంటారు?’

మాస్టర్: వరద మొత్తం చూపాలన్న ఆశ ముందు వదులుకోమనండి. తలుపు కింద నుంచి లోపలికి జొరబడే నీరు తీయమనండి. దానికి ఒక గది, ఒక పంపు, నేల మీద పరిచే రబ్బరు షీటు చాలు. నీళ్లలో మట్టీ ఆకులూ కలపాలి. తేటనీరు వరదలా కనిపించదు. కరెంటు తీగలు ఆ గదికి ఆమడ దూరంలో ఉండాలి.

ఛాయాగ్రాహకురాలు: రాత్రిపూట తీయండి. వెలుతురు నటుల వెనక నుంచి ఇవ్వండి. ఎదురుగా లైటు పెడితే వానచుక్క కనబడనే కనబడదు, వెనక నుంచి ఇస్తే ప్రతి చుక్కా మెరుస్తుంది.

సూపర్‌వైజర్: ఊరు మునిగిన విశాల దృశ్యం ఒక్కటి పెట్టుకోండి, ఒక్కటే. కెమెరాను కదపకండి. మనుషులు నీటి అంచును దాటి అటూ ఇటూ తిరగకుండా చూసుకోండి, అంచులు గీసే పని తప్పుతుంది. మూడు సెకన్లు, అంటే 72 ఫ్రేములు చాలు. ఆ షాట్‌ను కాగితం మీద గీసి, షూటింగ్‌కు నెల ముందు ఎఫెక్ట్స్ చేసే వారి చేతిలో పెట్టండి. కావాలంటే నాకే పంపండి, చూసిపెడతాను.