ఏ డిపో డీఎం ఆయప్ప? టేబుల్‌టాప్ ఆటగాళ్ల పొడి అక్షరాల కథ

[మొదటి షాట్: వంటింటి బల్ల. ఒక పక్క ఉగ్గాని, బజ్జి ఉన్న ప్లేటు. ఇంకో పక్క ల్యాప్‌టాప్, నాలుగు కాగితాలు, రంగురంగుల పాచికలు.]

నమస్తే, కర్నూలు నుంచి మాట్లాడుతున్నా.

పోయిన ఆదివారం రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆన్‌లైన్‌లో ఆడుతున్నా. ఆట మంచి పట్టులో ఉంది. "డీఎం ఒప్పుకుంటే గాని ఆ తలుపు తెరుచుకోదు" అని కొంచెం గట్టిగానే అన్నాను. పక్క గదిలోంచి మా నాన్న లేచొచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి.

"ఏ డిపో డీఎం ఆయప్ప? నాకు తెల్సినోడేనా?"

ఆర్టీసీ వాళ్ల ఇంట్లో డీఎం అంటే డిపో మేనేజరే, ఇంకో అర్థం లేదు. కాదు నాన్నా, ఆటలో కథ నడిపే డంజన్ మాస్టర్ అన్నాను. అంతటితో వదిలాడా? నా ముందున్న కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. "ఏసీ 16, హెచ్‌పీ 24... 24 హెచ్‌పీ మోటరా? ఎన్ని అడుగుల బోరు మా అది?"

[తెర మీద పెద్ద అక్షరాలు: డీఎం, ఏసీ, హెచ్‌పీ, పీసీ, డీసీ. ఒక్కోదాని పక్కన బస్సు, కూలరు, బోరు మోటరు, పోలీసు టోపీ బొమ్మలు.]

తప్పు నాన్నది కాదు. ఈ అక్షరాలకు మన ఊళ్లో ముందే వేరే ఓనర్లు ఉన్నారు. కేసీ అంటే మనకు కర్నూలు-కడప కాలువ. బయటి ఊరివాళ్లకు ఆ రెండక్షరాలు ఏం చెబుతాయి? ఇదీ అంతే. ఒక గుంపులో పదేపదే వాడి అరిగిపోయిన మాటలే పొడి అక్షరాలవుతాయి. కొత్తగా వచ్చినవాళ్లు జాబితా పెట్టుకుని బట్టీ పడుతుంటారు, నేనూ పట్టాను, ఏం ఉపయోగం లేదు. ఆ అక్షరం ఆటలో ఏ పని చేస్తుందో ఒక్కసారి చూస్తే చాలు. అందుకే ఈ వీడియోలో ఆడుతూ చెబుతాను.

[షాట్: సాయంత్రం వెలుగులో కొండారెడ్డి బురుజు.]

ముందు ఆట పేరు. టీటీఆర్‌పీజీ, అంటే టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. ఏం చేయాలో ఆటగాళ్లు చెబుతారు, అది జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. మొదట్లో దీన్ని ఆర్‌పీజీ అనే పిలిచేవారు. తర్వాత కంప్యూటర్ గేములు అదే పేరు పెట్టేసుకునేసరికి, తేడా తెలియడానికి ముందు రెండు టీలు తగిలించాల్సి వచ్చింది. అసలువాడే ఇంటిపేరు మార్చుకున్నట్టు.

ఈ రకం ఆటల్లో అచ్చయి అమ్మకానికి వచ్చిన మొదటిది డంజన్స్ అండ్ డ్రాగన్స్, అంటే డీ అండ్ డీ. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. డీఎం అనే మాట ఆ ఆటది. మిగతా ఆటల్లో కథ నడిపేవాణ్ని జీఎం, అంటే గేమ్ మాస్టర్ అంటారు. పని ఒకటే.

ఇప్పుడు మన కథ. బురుజు కింద నుంచి తుంగభద్ర అడుగున గద్వాల దాకా సొరంగం ఉందని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం కదా. ఉందో లేదో పక్కన పెట్టండి. ఆటలో ఉంది. మనం నలుగురం దివిటీ పట్టుకుని దిగుతున్నాం. ఈ నలుగురూ పీసీలు. కానిస్టేబుళ్లు కాదు, ప్లేయర్ క్యారెక్టర్లు. మెట్ల దగ్గర ఒక ముసలి కాపలాదారు కూర్చుని సున్నం అడుగుతున్నాడు. అతని గొంతు డీఎందే. కాబట్టి అతను ఎన్‌పీసీ, ఆటగాడి చేతిలో లేని పాత్ర. ఆన్‌లైన్‌లో కొందరు కుర్రాళ్లు సొంత బుర్ర లేనివాణ్ని ఎన్‌పీసీ అని తిట్టడం చూస్తుంటా. ఆ తిట్టు ఆటల నుంచి పోయిందే. మా బల్ల మీద మాత్రం ఎన్‌పీసీలంటే చాలా ప్రేమ. ఆ ముసలాయన కోసం రెండు వారాలు అసలు కథే వదిలేశాం.

[తెర మీద: డీ20, 3డీ6+2]

చీకట్లోంచి ఏదో మీద పడింది. ఇక్కడ పాచికలు కావాలి. డీ అంటే డైస్, పక్కనున్న అంకె దానికి ఎన్ని ముఖాలో చెబుతుంది. డీ20 అంటే ఇరవై ముఖాల పాచిక. 3డీ6+2 అని కనిపిస్తే త్రీడీ సినిమా కాదు. ఆరు ముఖాల పాచికలు మూడు వేసి, వచ్చినవన్నీ కూడి, దానికి రెండు కలపమని. డీకి ముందున్నది ఎన్ని పాచికలో, వెనకున్నది ఎన్ని ముఖాలో. గవ్వలతో అష్టాచెమ్మా ఆడినవాళ్లకు ఇందులో కొత్తేం లేదు.

వాడు నా మీద కత్తి దూశాడు. డీ20లో 11 పడింది, వాడి నేర్పుకు 5 కలిపారు, మొత్తం 16. నా ఏసీ కూడా 16. ఏసీ అంటే ఆర్మర్ క్లాస్, నా కవచం గట్టితనం. దాన్ని అందుకున్నా, దాటినా దెబ్బ తగిలినట్టే. తగిలింది. ఎంత గట్టిగా తగిలిందో ఇంకో పాచిక చెబుతుంది. అంత నా హెచ్‌పీలోంచి పోతుంది. హిట్ పాయింట్లు అంటే ఒంట్లో మిగిలిన సత్తువ. 24 కాస్తా 17 అయింది.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. పాతకాపులు "థాకో రోజుల్లో" అని మొదలుపెడితే అర్థం కాక కొత్తవాళ్లకు టెన్షన్. థాకో అంటే టు హిట్ ఆర్మర్ క్లాస్ జీరో. చివర ఉన్నది ఓ కాదు, సున్నా. పాత డీ అండ్ డీలో ఏసీ ఎంత తక్కువుంటే అంత మంచిది. వింటే వింతగా ఉంటుంది గానీ ఎంసెట్ ర్యాంకు అనుకోండి, అయిపోయింది. 50 కంటే 3 గొప్ప. ఇంకా గట్టివాళ్లయితే సున్నా కిందకు, మైనస్‌లోకి పోతారు. ఏసీ సున్నా ఉన్నవాణ్ని కొట్టాలంటే నాకు పాచిక మీద ఎంత పడాలో, అదే నా థాకో.

[తెర మీద లెక్క: 15 − 3 = 12. కింద: 15 − (−2) = 17.]

నా థాకో 15. ఎదుటివాడి ఏసీ 3. 15లోంచి 3 తీసేస్తే 12, అంతకు తగ్గకుండా పడాలి. వాడి ఏసీ మైనస్ 2 అయితే? మైనస్ అంకెను తీసేస్తే కూడిక, 17 పడాలి. అర్ధరాత్రి, నిద్రమత్తులో, దెయ్యం ముందు నిలబడి ఈ లెక్క. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ నిండా ఇదే. 2000లో మూడో ఎడిషన్ వచ్చి ర్యాంకుల పద్ధతి ఎత్తేసి మార్కుల పద్ధతి పెట్టింది. ఏసీ ఎంత ఎక్కువుంటే అంత మంచిది, కూడిక ఒక్కటే. థాకో పోయింది కానీ దాని మీద జోకులు పోలేదు. నా మటుకు నాకు ఆ లెక్క బాగానే ఉంటుంది. మైనస్ ఏసీ ఉన్న రాక్షసుడు అంటే వచ్చే భయం 22 ఏసీ అంటే రాదు.

సరే, సొరంగంలోకి వద్దాం. ముందు రాతి తలుపు. దాన్ని తోయడానికి డీసీ 15 అన్నాడు డీఎం. డీసీ అంటే డిఫికల్టీ క్లాస్, పని ఎంత కష్టమో చెప్పే అంకె. 10 సులువు, 15 మధ్యస్తం, 20 కష్టం. ఏ నేర్పూ లేని మామూలు మనిషికి డీ20లో 15 నుంచి 20 లోపు పడాలి, ఇరవైలో ఆరు అవకాశాలు. అంటే 30 శాతం. మధ్యస్తం అన్నారు కదా అని ధైర్యంగా పోయి ఎందరు బోర్లా పడ్డారో.

[షాట్: వాన పడ్డ ఎర్రనేల, వంగి వెతుకుతున్న మనుషులు. దూరం నుంచి.]

ఎక్స్‌పీ మీలో చాలామందికి తెలుసు. ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు. అవి పోగైతే లెవెల్ పెరుగుతుంది. శత్రువును చంపితేనే ఎక్స్‌పీ వస్తుందని కంప్యూటర్ గేములు మనకు అలవాటు చేశాయి. మొదటి డీ అండ్ డీలో అసలు రాబడి నిధిలో ఉండేది. ఒక బంగారు నాణెం క్షేమంగా బయటికి తెస్తే ఒక ఎక్స్‌పీ. దాంతో ఆట తీరే మారిపోతుంది. కొట్లాట నష్టం, తప్పించుకుని తెచ్చుకోవడం లాభం. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లను చూడండి. ఎవరితోనూ తగాదా పెట్టుకోరు. కళ్లు నేల మీదే. ఆ పాత పద్ధతిని ఇష్టపడి మళ్లీ తెచ్చుకున్న ఉద్యమాన్నే ఓఎస్‌ఆర్ అంటారు, ఓల్డ్ స్కూల్ రినైసాన్స్. ఆఖరి ఆర్‌కు రివైవల్ అని చెప్పేవాళ్లూ ఉన్నారు. దాని మీద కూడా గొడవే.

గొడవ అంటే గుర్తొచ్చింది. ఆన్‌లైన్‌లో ఎక్కువ తిట్లు తిట్టించేవి రెండు మాటలు: రా, రాయ్.

మన చెవికి ఒకటి పిలుపు, ఒకటి రాయి. రా అంటే రూల్స్ యాజ్ రిటెన్, పుస్తకంలో అచ్చయిన మాట అచ్చయినట్టు. రాయ్ అంటే రూల్స్ యాజ్ ఇంటెండెడ్, రాసినవాడి మనసులో ఉన్న మాట. ఒక ఉదాహరణ చాలు. డీ20లో 20 పడితే ఏదైనా అయిపోతుందని సగం మంది నమ్మకం. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్, అదే 5ఈ, అందులో రా ప్రకారం ఆ వరం ముఖ్యంగా దాడికే. తలుపు తోయడానికో, కాపలాదారును మాయ చేయడానికో లేదు. అయినా చాలా బల్లల మీద 20 పడగానే కేకలు వేసి అయిపోయిందనుకుంటారు. అది రా కాదు, రాయ్ కూడా కాదు. ఇంటి పద్ధతి. ఆవకాయలో వెల్లుల్లి వేయాలా వద్దా అన్నట్టు.

[షాట్: ఫోన్ తెర మీద ఒక పిలుపు. "ఎల్‌ఎఫ్‌పీ, 5ఈ, వీటీటీ, ఆదివారం రాత్రి, టీపీకే జరగొచ్చు."]

ఇలాంటిది మీ కంటపడితే? ఎల్‌ఎఫ్‌పీ అంటే ఆటగాళ్లు కావాలని. ఎల్‌ఎఫ్‌జీ అని ఉంటే తిరగేసి, నన్ను చేర్చుకునే గుంపు కావాలని. ఈ రెండూ తారుమారు చేసి నేను ఒకసారి నన్ను చేర్చుకునే గుంపును వెతకబోయి, కథ నేనే నడుపుతానని నమ్మి వచ్చిన ఐదుగురు ఆటగాళ్ల ముందు నిలబడ్డాను. వీటీటీ అంటే వర్చువల్ టేబుల్‌టాప్, పాచికలూ పటమూ తెర మీదే. టైమ్ కుదరనివాళ్లకు పీబీపీ ఉంది, ప్లే బై పోస్ట్. మెసేజ్ పెట్టి పోతారు, ఎదుటివాడు రేపు జవాబిస్తాడు. ఒక్క కొట్లాట నెల నడుస్తుంది.

టీపీకే అంటే టోటల్ పార్టీ కిల్, జట్టు మొత్తం పోవడం. ముందే చెప్పారంటే మంచివాళ్లన్నమాట. చంపేది ఎక్కువగా బీబీఈజీ, బిగ్ బ్యాడ్ ఈవిల్ గై. మన సినిమాల్లో ఫ్యాక్షన్ నాయకుడి కుర్చీలో కూర్చునేవాడు.

చాట్‌లో ఐసీ అని ఉంటే ఆ మాట పాత్రది, ఓఓసీ అని ఉంటే మనిషిది. ఓసీ టీకి దీనికి సంబంధం లేదు. కానీ ఇది మాత్రం మరిచిపోకండి. "నిన్ను నమ్మినందుకు నాకు బుద్ధి లేదు" అని ఐసీ పెట్టకుండా రాస్తే స్నేహాలు చెడతాయి. మా జట్టులో ఇద్దరు పది రోజులు మాట్లాడుకోలేదు.

ఆటల పేర్లు గబగబా. సీఓసీ అంటే కాల్ ఆఫ్ కథూలూ, 1981 నుంచి ఉన్న భయం ఆట. గర్ప్స్ 1986ది, ఏ కథకైనా ఒకే రూల్స్. పీబీటీఏ అని కనిపిస్తే, 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ దారిలో తయారైన ఆట అని. అందులో రెండు ఆరు ముఖాల పాచికలు, ఏమైనా ఉంటే కలుపుకోవడం. 10 గానీ అంతకు మించి గానీ పడితే పని అయింది, 7 నుంచి 9 అయితే అయింది గానీ ఏదో ఒక తంటా వచ్చింది, 6 లోపు అయితే కథ మీ మీదకే తిరిగింది. నాకు ఆ మధ్య ముక్క బాగా ఇష్టం. ఏమీ కలుపుకోకపోతే 36కు 15 సార్లు అక్కడే పడతాం.

[షాట్: మళ్లీ వంటింటి బల్ల. ఈసారి నాన్న కూడా కూర్చున్నాడు. కళ్లద్దాలు ముక్కు మీదకు జారాయి.]

ఈ వీడియో తీస్తున్నానని తెలిసి నాన్న తనూ ఒక పాత్ర రాసుకున్నాడు. సొరంగంలో టికెట్లు కొట్టే కండక్టరు. బలం ప్లస్ 2. గద్వాల వైపు తలుపు దగ్గరికొచ్చాం. డీసీ 25.

నాన్న డీ20 దొర్లించాడు. 20 పడింది. చేతులు పైకెత్తాడు.

"22 నాన్నా. 25 కావాలి."

"20 పడింది కదమ్మా!"

"రా ప్రకారం అది దాడికే."

"మరి రాయి ప్రకారం?"

"అదీ లేదు. డీఎం ఇష్టం."

నాన్న కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఆ హెడ్‌ఫోన్ ఇట్లియ్యి. డీఎంతో ఎట్లా మాట్లాడాల్నో నాకు తెలుసు."