లైసెన్సు ఖర్చు తగ్గించుకుందాం, ఫైళ్లు మన చేతిలో ఉంచుకుందాం

సభకు నమస్కారం. ప్రెస్సుల యజమానులు, డీటీపీ సెంటర్లు నడిపేవాళ్లు, హోల్‌సేల్ వ్యాపారులు, స్కూళ్లు నడుపుతున్నవాళ్లు కూడా వచ్చారని నిర్వాహకులు చెప్పారు. చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టడం, వాటిని చూసుకోవడం నా పని. సాఫ్ట్‌వేర్ ఖర్చు గురించి ఆ పనిలో నేర్చుకున్నది మీకు చెప్పాలని వచ్చాను.

ముందు లెక్క చూద్దాం. ఆఫీసు సాఫ్ట్‌వేర్ చందా ఒక మెషీన్‌కి ఏడాదికి 5,000 రూపాయలు అనుకోండి. ఆరు మెషీన్లకి 30,000. ఐదేళ్లకి లక్షన్నర. డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా చందా మీదే తీసుకుంటే ఈ అంకె ఇంకా చాలా పెరుగుతుంది. ఒకప్పుడు సీడీ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వాడుకునేవాళ్లం. ఇప్పుడంతా అద్దె పద్ధతి. అద్దె ఎప్పుడు పెంచాలన్నది ఓనరు ఇష్టం. కట్టడం ఆపేస్తే మన సామాను లోపలే ఉండిపోతుంది.

మీలో కొందరు మనసులో అనుకుంటూ ఉంటారు, మాకు అసలు ఆ బిల్లే లేదు కదా అని. క్రాక్ చేసిన కాపీలు మన ఊళ్లలో ఎంత మామూలో అందరికీ తెలుసు. దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలో 63బి అని ఒక సెక్షన్ ఉంది. తెలిసి తెలిసి దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు శిక్ష తప్పించవచ్చు. కానీ షాపులో వాడేది వ్యాపారానికే కదా. కేసు సంగతి అలా ఉంచండి. క్రాక్ ఫైలుతో పాటు లోపలికొచ్చిన రాన్సమ్‌వేర్, అంటే డబ్బిస్తే గానీ ఫైళ్లు వదలని వైరస్, అకౌంట్సన్నీ లాక్ చేసేస్తే, ఆ రోజు పడే టెన్షన్ పగవాడికి కూడా వద్దు. దొంగ కాపీ ఖర్చు లేనిదేమీ కాదు. దాని బిల్లు ఎప్పుడొస్తుందో మనకి తెలియదు, అంతే.

ఇక ఓపెన్ సోర్స్. దాని కోడ్, అంటే ప్రోగ్రామ్ రాసిన అసలు పాఠం, ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఎన్ని మెషీన్లలోనైనా వేసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఈ హక్కులన్నీ లైసెన్సులోనే రాసి ఉంటాయి. నెల రోజుల ట్రయల్‌కి, యాడ్స్ చూపించే ఉచిత వెర్షన్‌కి ఇవి ఉండవు. డబ్బు అడగని ప్రతి సాఫ్ట్‌వేరూ ఓపెన్ సోర్స్ అనుకుని మోసపోకండి.

ఈ హక్కుల విలువ ఏమిటో ప్రెస్సు వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ కథ చాలు. అడోబీ కంపెనీ పేజ్‌మేకర్ 7.0 విడుదల చేసింది 2001లో. ఆ తర్వాత పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. ఈ రోజుకీ ఎన్నో ప్రెస్సుల్లో ఒక మూల పాత విండోస్ ఎక్స్‌పీ మెషీన్ ఉంటుంది, కేవలం పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడానికే. దాని మదర్‌బోర్డు పోతే బయట దొరకదు. అడోబీ ఆపేశాక ఆ సాఫ్ట్‌వేర్‌ని బయటివాళ్లెవరూ కొనసాగించలేకపోయారు, కోడ్ వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి. దీని పక్కన లెటర్లు, షీట్లు చేసుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఆఫీస్ కథ పెట్టి చూడండి. అది ఓరాకిల్ కంపెనీ చేతికి వెళ్లాక, 2010లో దాని మీద పనిచేసేవాళ్లు చాలామంది బయటికొచ్చి అదే కోడ్‌తో లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. పాత ఫైళ్లు అందులో అలాగే తెరుచుకున్నాయి. కంపెనీ వదిలేసినా సాఫ్ట్‌వేర్ బతికింది. నన్నడిగితే లక్షన్నర ఆదా కంటే ఇదే పెద్ద లాభం.

అయితే మారడం ఎలా? దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఫ్రాన్స్‌ది. అక్కడ జాందార్మెరీ అని సైన్యానికి చెందిన పోలీసు దళం ఉంది. వాళ్లు మొదట విండోస్‌ని ముట్టుకోలేదు. 2005లో ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చి ఓపెన్ ఆఫీస్ పెట్టారు. ఆ తర్వాత బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, మెయిల్‌కి థండర్‌బర్డ్. సిబ్బంది ఇవన్నీ విండోస్ మీదే వాడి అలవాటు పడ్డారు. అప్పుడు 2008 నుంచి కింద ఉన్న విండోస్ తీసి, ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఉబుంటు లినక్స్ పెట్టడం మొదలుపెట్టారు. రోజూ తెరిచే ప్రోగ్రాములు అవే కాబట్టి జనానికి పెద్ద తేడా తెలియలేదు. ఇప్పుడు వాళ్ల దగ్గర లక్ష దాకా కంప్యూటర్లు అలా నడుస్తున్నాయి. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ముందు ప్రోగ్రాములు, ఆపరేటింగ్ సిస్టమ్ చివర్లో. మన దగ్గర చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఒక ఆదివారం కూర్చుని మెషీన్లన్నిటికీ లినక్స్ ఎక్కించేస్తారు. సోమవారం పొద్దున బిల్లు కొట్టాల్సిన అమ్మాయికి ప్రింటర్ ఎక్కడుందో కనిపించదు. మధ్యాహ్నానికి మళ్లీ పాత విండోస్ వచ్చేస్తుంది.

జర్మనీలో మ్యూనిక్ నగరపాలిక అనుభవం కూడా తెలుసుకోవాలి. 2003లో వాళ్లు లినక్స్‌కి మారాలని నిర్ణయించుకున్నప్పుడు మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ స్వయంగా వెళ్లి మేయర్‌ని కలిశారు. అయినా నగరం వెనక్కి తగ్గలేదు. పదేళ్లలో దాదాపు 15,000 కంప్యూటర్లు మార్చారు. తీరా 2017లో మళ్లీ విండోస్‌కి వెళ్లాలని కౌన్సిల్ ఓటు వేసింది. రాజకీయం ఉంది, బయటి ఆఫీసులతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బందులూ ఉన్నాయి. నాకు అర్థమైనంతవరకు అసలు చిక్కు ఐటీ నిర్వహణ రకరకాల విభాగాల మధ్య చీలిపోయి ఉండటం. సమస్య వస్తే ఎవరిని అడగాలో స్పష్టంగా లేకపోతే తప్పంతా కొత్త సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. ఆరు మెషీన్ల షాపులోనూ ఇదే జరుగుతుంది.

మన దక్షిణాదిలోనే ఉన్న కేరళ ఆ ఒక్క విషయంలో జాగ్రత్త పడింది. ప్రభుత్వ పాఠశాలల్లో కైట్ అనే సంస్థ 2 లక్షలకి పైగా కంప్యూటర్లలో లినక్స్ పెట్టింది. దీనివల్ల 3,000 కోట్లు ఆదా అవుతుందని 2019లో చెప్పారు. ప్రతి ప్రోగ్రామూ డబ్బు పెట్టి కొంటే ఎంతయ్యేదో లెక్కగట్టి చెప్పిన అంకె అది, కాబట్టి దాన్ని చూసి నేను పొంగిపోను. నాకు ముఖ్యంగా కనిపించింది టీచర్లకి వాళ్లు ఇచ్చిన శిక్షణ. లైసెన్సు మీద మిగిలిన డబ్బంతా జేబులో వేసుకుంటే మార్పు నిలవదు. మొదటి ఏడాది మిగులులో సగమైనా మనుషుల మీద పెట్టండి. మీ టైపిస్టుకి శిక్షణ, నెలకోసారి వచ్చి చూసే టెక్నీషియన్‌కి ఫీజు, బ్యాకప్‌కి ఒక హార్డ్ డిస్క్.

ఇప్పుడు ప్రెస్సుల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు కష్టం అక్కడే ఉంది. పాత పేజ్‌మేకర్ ఫైలుని లిబ్రేఆఫీస్ డ్రా తెరుస్తుంది, పేజీలు కూర్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ కూడా తెరుస్తుంది. తెరవగానే బాక్సులు, గీతలు, బొమ్మలు దాదాపు వాటి స్థానాల్లోనే కనిపిస్తాయి. తెలుగు మాత్రం పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తుంది. భయపడకండి, ఫైలు పాడవలేదు. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టాయి. తలకట్టు ఒక కోడ్, ఒత్తు ఒక కోడ్. ఆ ఫాంటు లేని చోట ముక్కలే మిగులుతాయి. వీటిని యూనికోడ్‌లోకి, అంటే ఏ మెషీన్‌లోనైనా తెలుగుగానే ఉండే కోడ్‌లోకి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒక మనిషి కూర్చుని ప్రూఫ్ చూడాల్సిందే. 'లక్ష్మి'లో మ ఒత్తు, 'రాష్ట్రం'లో రెండు ఒత్తులు సరిగ్గా వచ్చాయా అని ముందు అవి చూడండి. వేల ఫైళ్లన్నీ మార్చకండి, దండగ. ఏటా తిరిగొచ్చేవి మారిస్తే చాలు. బిల్ బుక్కులు, లెటర్ హెడ్లు, ప్రశ్నపత్రాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు.

యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవని ఇప్పటికీ కొందరు అంటున్నారు. ఒకప్పుడు నిజం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చిన రోజుల్లో చేతికందేవి అలాంటివి కొన్నే. తర్వాత సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ చొరవతో రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు, రామరాజ లాంటివి చాలా వచ్చాయి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. హెడ్డింగులకి రామభద్ర, మ్యాటర్‌కి మండలి వేసి ఒక శుభలేఖ కంపోజ్ చేసి చూడండి, కస్టమర్ తేడా అడగడు. ఇంకో మాట. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కుదిరేలా చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ కోడ్. లిబ్రేఆఫీస్ వాడేదీ అదే. మీ జేబులో రోజూ వాడుతున్నదాన్ని షాపులో వాడటానికి భయమెందుకు?

టైపింగ్ దగ్గర మొండికేసేవాళ్లు ఉంటారు, వాళ్ల తప్పు కాదు. ఏళ్ల తరబడి యాపిల్ అనే కీబోర్డ్ లేఅవుట్‌లో వేళ్లు నడిచిన ఆపరేటర్‌ని ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ నేర్చుకో అంటే వేగం పడిపోతుంది, పీస్ రేటు మీద బతికే మనిషికి అది జీతం కోతే. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ ద్వారా తెలుగు యాపిల్ లేఅవుట్ పెట్టుకోవచ్చు. ముందు ఆయన్ని కూర్చోబెట్టి ఒక పేజీ కొట్టించి, ఎక్కడ వేలు ఆగుతోందో చూడండి. ఆయన ఒప్పుకున్నాకే మార్చండి.

రంగుల పని దగ్గర కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంక్‌స్కేప్ డిజైన్ పనికి మంచి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, కోరెల్‌డ్రా ఫైళ్లు చాలావరకు తెరుస్తుంది, కానీ లోపల ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో, పనిచేస్తుంది. ఫ్లెక్సులకి, డిజిటల్ ప్రింట్‌కి సరిపోతుంది. మల్టీకలర్ ఆఫ్‌సెట్ పనికి సీఎంవైకే అనే నాలుగు ప్రింటింగ్ రంగులు, విడిగా కలిపే స్పాట్ కలర్లు తెలిసిన స్క్రైబస్‌లో పేజీ తయారుచేసి అక్కడి నుంచి పీడీఎఫ్ తీయాలి. 2024లో వచ్చిన 1.6 వెర్షన్ వాడండి, అంతకుముందు స్థిరమైన వెర్షన్లలో తెలుగు సరిగ్గా కుదిరేది కాదు. రోజూ కస్టమర్ల నుంచి కోరెల్ ఫైళ్లే వచ్చే షాపైతే ఒక మెషీన్‌కి కోరెల్ లైసెన్సు కొనండి. ఆరు కొనాల్సిన చోట ఒకటి కొన్నా ఆదాయే.

అకౌంట్స్ విషయంలో నా సలహా సూటిగా చెప్తాను. మీ ఆడిటర్ గారు టాలీ ఫైలే అడుగుతుంటే టాలీ ఉంచండి. జీఎస్టీ రిటర్నుల సీజన్‌లో ప్రయోగాలు చేయకండి. గోడౌను, స్టాకు, కొనుగోలు ఆర్డర్లు, ఉత్పత్తి అన్నీ ఒకేచోట చూడాల్సినంత పెద్ద వ్యాపారమైతే ఈఆర్‌పీనెక్స్ట్ చూడండి. రుషభ్ మెహతా అనే మన దేశస్థుడు తన కుటుంబ ఫర్నిచర్ వ్యాపారంలో ఈఆర్‌పీ, అంటే వ్యాపారమంతా ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్, పెట్టబోయి పడ్డ కష్టాల్లోంచి పుట్టింది అది. జీఎస్టీకి, ఈ-ఇన్‌వాయిస్‌కి కావాల్సిన భాగం కూడా ఓపెన్ సోర్స్‌లోనే ఉంది. అయితే ఇది మీ అంతట మీరు పెట్టుకునేది కాదు. పెట్టించడానికి ఖర్చవుతుంది, సర్వర్ అద్దె ఉంటుంది. ఆ అంకె రాయించుకుని చూశాకే నిర్ణయించుకోండి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు వేటి మీదా ఎక్కదు. బాగా నడుస్తున్న మెషీన్లని పాత ఇనుముకి వేయకండి. వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేసి లినక్స్ మింట్ పెడితే బ్రౌజర్, మెయిల్, లెటర్లు, షీట్లకి ఇంకొన్నేళ్లు హాయిగా వస్తాయి. అయితే ముందు మీ ప్రింటర్‌కి, స్కానర్‌కి లినక్స్‌లో డ్రైవర్ ఉందో లేదో చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే హార్డ్ డిస్క్ ముట్టుకోకుండానే తెలిసిపోతుంది. జీఎస్టీకి, టెండర్లకి వాడే డిజిటల్ సంతకం టోకెన్ కూడా అలాగే పరీక్షించండి. అది పనిచేయకపోతే ఆ ఒక్క మెషీన్‌లో విండోస్ ఉంచేయండి.

ఈ ప్రోగ్రాములు రాసేవాళ్లకీ ఇల్లూ పిల్లలూ ఉంటారు. బెంగళూరులోని షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా 2024లో ఏడాదికి 10 లక్షల డాలర్లు ఇలాంటి ప్రాజెక్టులకి ఇస్తామని ఒక నిధి పెట్టింది, తమ వ్యాపారం వాటి మీదే నిలబడింది కాబట్టి. మనం ఏడాదికి వెయ్యి రూపాయలు పంపినా పంపినట్టే. డబ్బు కుదరకపోతే లిబ్రేఆఫీస్‌లో తెలుగు ఎక్కడ సరిగ్గా రావడం లేదో ఫైలుతో సహా రాసి పంపండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్లుగా ఓపెన్ సోర్స్‌ని తెలుగులోకి తెచ్చే పని చేస్తున్నారు, వాళ్లతో మాట్లాడండి.

నా మాట ఇంతే. ప్రశ్నలు అడగండి. పెన్‌డ్రైవ్‌లో పాత పేజ్‌మేకర్ ఫైలు తెచ్చినవాళ్లు ముందుకి రండి, ఈ ల్యాప్‌టాప్‌లో స్క్రైబస్ ఉంది, ఇక్కడే తెరిచి చూద్దాం.