ఒకే ప్యాచ్, మూడు డిస్ట్రోలు: క్లాజ్ మెయిల్‌ని మనమే ప్యాకేజీ చేద్దాం

హలో అండీ. ఈరోజు క్లాజ్ మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ సోర్స్‌లో చిన్న మార్పు చేసి, ఆ మార్పుని ప్యాచ్ అనే ఫైల్‌గా తీసి, డెబియన్, ఫెడోరా, ఆర్చ్ అనే మూడు లినక్స్ డిస్ట్రోలకీ ప్యాకేజీ కడదాం. థండర్‌బర్డ్ ఎందుకు తీసుకోలేదంటే, అది బిల్డ్ అయ్యేలోపు మీరు వేరే వీడియోకి వెళ్లిపోతారు. ఇది చిన్నది, సీ భాష, విండోలూ బటన్లూ గీసే జీటీకే లైబ్రరీ, అంతే.

ముందు డెబియన్. బిల్డ్‌కి కావాల్సినవి తెచ్చుకోవడానికి ఆప్ట్ బిల్డ్-డెప్, సోర్స్‌కి ఆప్ట్ సోర్స్. రాలేదా? ఆప్ట్ సోర్సెస్ ఫైల్‌లో డెబ్-ఎస్ఆర్‌సీ, అంటే సోర్స్ కూడా తెచ్చుకో అనే మాట, లేదన్నమాట. ఇదిగో, ఈ లైన్‌లో కలపండి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టండి. వచ్చేసింది.

ఇప్పుడు క్విల్ట్, ప్యాచ్‌లని వరసగా చూసుకునే టూల్. ప్యాచ్‌లు డెబియన్/ప్యాచెస్‌లో ఉంటాయని దానికి చెప్పాలి, నేను బ్యాష్ ఆర్‌సీలో పెట్టేశాను. ఉన్న ప్యాచ్‌లన్నీ వేయడానికి క్విల్ట్ పుష్ డ్యాష్ ఏ, తర్వాత మన ప్యాచ్‌కి క్విల్ట్ న్యూ, పేరు. అయింది.

ఇక్కడ ఆగండి. ఇక్కడ కాస్త ఆగండి. ఫైల్ ముట్టుకునే ముందు క్విల్ట్ యాడ్ చేయాలి. ముందు! ఎందుకంటే యాడ్ చేసినప్పుడే అది పాత కాపీ దాచుకుంటుంది, క్విల్ట్ రిఫ్రెష్ కొట్టినప్పుడు దాంతోనే పోల్చి ప్యాచ్ రాస్తుంది. నేనొకసారి సీ ఫైల్ యాడ్ చేశాను, డిక్లరేషన్లు ఉండే హెడర్ ఫైల్ మర్చిపోయాను, రెండూ మార్చేశాను. రిఫ్రెష్ కిక్కురుమనలేదు. డెబియన్‌లో డ్యాష్ బీ పెట్టి బైనరీ ఒక్కటే కడితే బిల్డ్ కూడా అయింది, డైరెక్టరీలో మార్పు ఉంది కదా మరి! అదే ప్యాచ్ ఫెడోరాకి తీసుకెళ్తే, డిక్లరేషన్ లేదని కంపైలర్ ఎర్రర్. సాయంత్రమంతా ఫెడోరానే తిట్టుకున్నాను. పాపం, దాని తప్పేం లేదు, ప్యాచ్‌లో సగమే ఉంది.

అందుకే నేనిప్పుడు క్విల్ట్ ఎడిట్ వాడతాను. అదే యాడ్ చేసి, అదే ఎడిటర్ తెరుస్తుంది. ఇప్పటికే మార్చేశారా? మీ ఫైల్ పక్కన దాచి, అసలుది తెచ్చి పెట్టి, యాడ్ చేసి, మళ్లీ మీది పైన వేయండి. రిఫ్రెష్ అయ్యాక ప్యాచ్ తెరిచి కళ్లతో చూడండి. చూస్తున్నారా, రెండు ఫైళ్లూ ఉన్నాయి.

వెర్షన్‌కి మన గుర్తు తగిలించడానికి డీసీహెచ్ డ్యాష్ డ్యాష్ లోకల్, ఆ గుర్తు, తర్వాత ప్యాకేజీ కట్టడానికి డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్. సరే, నడవనివ్వండి.

ఫెడోరా. ప్యాకేజీ ఫైళ్లు తెచ్చుకోవడానికి ఫెడ్‌ప్యాకేజ్ క్లోన్, తర్వాత స్పెక్‌లో, అంటే ప్యాకేజీ ఎలా కట్టాలో రాసిన ఫైల్‌లో, ప్యాచ్ అని ఈ లైన్. ఆటోసెటప్ డ్యాష్ పీ 1 ఉంటే చాలు, లేకపోతే ప్యాచ్ మాక్రో కూడా రాయాలి. ఆ 1 ఎందుకంటే, ప్యాచ్‌లో పాత్ ముందున్న మొదటి ముక్క తీసేయడానికి. బిల్డ్ మాక్ అనే టూల్‌లోనే చేయండి, అది విడిగా శుభ్రమైన చోట కడుతుంది, మీ సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీలు మోసం చేయవు.

ఆర్చ్‌లో స్పెక్ లాంటి ఫైల్ పీకేజీబిల్డ్, దాని సోర్స్ లిస్ట్‌లో ప్యాచ్ పేరు, ప్రిపేర్‌లో ప్యాచ్ కమాండ్. చెక్‌సమ్‌లు సరిచేయడానికి అప్‌డ్‌పీకేజీసమ్స్, కట్టడానికి మేక్‌పీకేజీ. అంతే.

ఒక్క మాట. డిస్ట్రోలో క్లాజ్ మెయిల్ కొత్త వెర్షన్ రాగానే మన ప్యాకేజీ ఎగిరిపోతుంది. డెబియన్‌లో ఆప్ట్-మార్క్ హోల్డ్ పెట్టి దాన్ని ఆపొచ్చు, కానీ సెక్యూరిటీ అప్‌డేట్‌లూ ఆగిపోతాయి. మెయిల్ క్లయింట్‌కి నేనైతే హోల్డ్ పెట్టను, అప్‌డేట్ వచ్చినప్పుడు మళ్లీ బిల్డ్ చేస్తాను.