ఆఫీసు కంప్యూటర్ల కరెంటు బిల్లు ఎవరి చేతికి వస్తుంది?

(దృశ్యం: మాదాపూర్‌లో ఒక ఐటీ భవనం, శుక్రవారం రాత్రి. ఆరో అంతస్తులో మనుషులు లేరు. వరుసగా మానిటర్లు వెలుగుతున్నాయి.)

నమస్తే అండీ. ఆఫీసుల్లో కంప్యూటర్లు, సర్వర్లు చూసుకునే పని చాలా ఏళ్ళు చేశాను. శుక్రవారం రాత్రి అందరూ ఇళ్ళకు వెళ్ళాక ఫ్లోర్ మీద ఒక రౌండ్ వేసేవాణ్ణి. ఎటు చూసినా కంప్యూటర్లు ఆన్‌లోనే కనిపించేవి.

చిన్న లెక్క వేద్దాం. ఇలాంటి డెస్కులు 200 ఉన్నాయనుకోండి. ఒక్కో చోట 50 వాట్లు కాలుతోందనుకోండి. శుక్రవారం రాత్రి 8 నుంచి సోమవారం ఉదయం 8 దాకా 60 గంటలు. అంటే 600 యూనిట్లు, ఒక్క వారాంతానికే. మధ్యతరగతి ఇంట్లో రెండు మూడు నెలలకు సరిపోయే కరెంటు అది.

దీన్ని ఆపడానికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. అరగంట ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్ళేలా అన్నింటికీ ఒకేసారి సెట్టింగ్ పంపొచ్చు. మరి ఎందుకు పంపరు?

కారణం నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ పంపలేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు రాత్రిపూటే వేస్తాం. కంప్యూటర్ నిద్రపోతే అప్‌డేట్ పడకపోవచ్చు. సోమవారం పొద్దున మేనేజర్ అడిగేది నన్నే. కరెంటు గురించి మాత్రం నన్ను ఎవరూ అడగలేదు, ఆ బిల్లు నా టేబుల్ మీదకు ఎప్పుడూ రాలేదు. కంప్యూటర్లు కొనేది ఐటీ విభాగం, బిల్లు కట్టేది అకౌంట్స్ వాళ్ళు. అద్దె భవనమైతే కొన్నిచోట్ల సెంట్రల్ ఏసీ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిపోయి వస్తుంది. అందులో ఏది దేనికో ఎవరికీ తెలియదు.

పర్యావరణానికి మేలు చేసే ఐటీని కొన్ని సంస్థలు తొందరగా అందుకుంటాయి, కొన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తాయి. టెక్నాలజీ దొరకక ఆగిన ఆఫీసును నేను పెద్దగా చూడలేదు. పొదుపు చేసినవాడికి పేరు రాదు, ఏదైనా తేడా వస్తే మాట మాత్రం వాడికే పడుతుంది. చాలాచోట్ల అసలు అడ్డంకి ఇదే.

(దృశ్యం: సర్వర్ గది. గోడ మీద ఏసీ డిస్‌ప్లేలో 18.)

ఈ గదిలో పనిచేసే కుర్రాడు మే నెలలో కూడా స్వెట్టర్ వేసుకునేవాడు. "కొంచెం పెంచొచ్చు కదా తమ్ముడూ" అంటే, "అన్నా, సర్వర్ పడిపోతే నన్నే అడుగుతరు గదా" అనేవాడు. అతని భయంలో తప్పులేదు. కానీ సర్వర్లలోకి వెళ్ళే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని ఆష్రే అనే అమెరికా ఇంజినీర్ల సంఘం 2008 నుంచీ చెబుతోంది. అక్కడ రాసిన అత్యల్ప అంకెనే మనం నియమంగా పెట్టుకున్నాం. "23కి పెట్టు, ఏదైనా అయితే నాది బాధ్యత" అని పైనుంచి ఒకరు రాసిస్తే ఆ కుర్రాడు అదే రోజు మార్చేవాడు. పై అధికారి మద్దతు ముఖ్యం అని అందరూ అంటారు. ఆచరణలో ఆ మద్దతు అంటే ఈ ఒక్క మెయిల్.

ఇక బయటి ఒత్తిడి. సంస్థలు ఒకదాన్నొకటి పోలి ఎందుకు తయారవుతాయో 1983లో పాల్ డిమాజియో, వాల్టర్ పావెల్ అనే ఇద్దరు అమెరికా సమాజశాస్త్రవేత్తలు వివరించారు. చట్టమో పెద్ద కస్టమరో బలవంతపెట్టడం, పక్కవాణ్ణి చూసి చేయడం, వృత్తిలో ఇదే పద్ధతి అని స్థిరపడటం. వీటిలో మొదటి రెండూ హైదరాబాద్‌లో కళ్ళెదుటే ఉన్నాయి.

పక్కవాణ్ణి చూడటమంటే హైదరాబాద్ శివారులోని పోచారం వెళ్దాం. అక్కడ ఇన్ఫోసిస్ ఒక భవనంలో సగానికి మామూలు ఏసీ పెట్టింది. మిగతా సగంలో స్లాబులోని గొట్టాల గుండా చల్లటి నీళ్ళు పారించి గదుల్ని చల్లబరిచింది. ఒకే ఊరు, ఒకే ఎండ, పక్కపక్కనే మీటర్లు. నీళ్ళతో చల్లబడిన సగంలో చల్లబరచడానికి అయ్యే కరెంటు దాదాపు మూడో వంతు తగ్గింది. వంద ప్రజెంటేషన్లు చూపినా నమ్మని ఫైనాన్స్ మనిషి ఇలాంటి మీటరు చూస్తే నమ్ముతాడు.

బలవంతం సంగతికొస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వేస్ట్ (పాత ఎలక్ట్రానిక్ సామాన్ల చెత్త) నియమాలు అమల్లోకి వచ్చాయి. ఏడాదిలో ఎప్పుడైనా కనీసం 1000 పరికరాలు వాడిన సంస్థ, పాతవాటిని ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిన రీసైక్లింగ్ లాంటి సంస్థలకే అప్పగించాలి. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ (షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్న) కంపెనీలు కరెంటు, నీళ్ళు, వ్యర్థాల లెక్కలు ఏటా బయటపెట్టాలన్న, స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నియమం 2022-23 నుంచి తప్పనిసరి అయింది. "మేం లిస్టెడ్ కాదు కదా" అనుకునే చిన్న కంపెనీకీ అది చేరుతుంది, క్లయింటు పంపే ప్రశ్నల రూపంలో.

(దృశ్యం: స్టోర్ రూమ్ తలుపు తెరుచుకుంటుంది.)

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇలాంటి గది ఉండేది. పాత ల్యాప్‌టాప్‌లు నడుం ఎత్తున పేర్చి ఉండేవి. కొన్నింటి బ్యాటరీలు ఉబ్బి కీబోర్డు పైకి లేచింది. అమ్ముదామంటే అందులోని డేటా బయటికి పోతుందేమోనని టెన్షన్. డేటా చెరిపేశాం అని సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఏళ్ళ తరబడి మెయిల్స్ పెట్టాం. ఒకరోజు క్లయింటు నుంచి ప్రశ్నావళి వచ్చింది. అందులో ఒక ప్రశ్న: పోయిన ఏడాది ఈ-వేస్ట్ ఎవరికి అప్పగించారు, సర్టిఫికెట్ జతచేయండి. నెల తిరక్కుండా గది ఖాళీ అయింది. సంతకం పెట్టడానికి మనిషి కూడా దొరికాడు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాక మీ సర్వర్ గదికి విడిగా మీటర్ ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఒక సబ్ మీటర్ పెట్టించమని అడగండి. ఆ రీడింగ్ నెలనెలా అకౌంట్స్‌కే కాదు, ఏసీ రిమోట్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు కూడా పంపమనండి.