ఎల్లోస్టోన్‌లో ఎవరుండేవాళ్లు?

శ్రోతలకు నమస్కారం. గీజర్ అనగానే స్నానాల గదిలో గోడకు వేలాడే డబ్బా గుర్తొస్తుంది కదా. ఆ మాటకు అసలు అర్థం నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ. ప్రపంచంలోని గీజర్లలో దాదాపు సగం అమెరికాలో ఒక్క ఎల్లోస్టోన్‌లోనే ఉన్నాయి. 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో అది నేషనల్ పార్కు అయింది. అక్కడ ఎవరైనా కాపురం పెడితే చొరబాటుదారులుగా ఎంచి ఖాళీ చేయించాలని ఆ చట్టంలోనే రాశారు.

మరి అప్పటికే ఉంటున్నవాళ్ల సంగతి?

పార్కులో అబ్సిడియన్ క్లిఫ్ అని ఒక కొండ ఉంది. లావా చల్లారి గాజులా గట్టిపడ్డ నల్లరాయి అది. ఒడుపుగా కొడితే పెచ్చు లేస్తుంది, దాని అంచు కత్తిలా తెగుతుంది. మనుషులు పదకొండు వేల ఏళ్లుగా ఆ రాయితో బాణపు మొనలూ కత్తులూ చేసుకున్నారు. ఎక్కడో రెండువేల కిలోమీటర్ల దూరాన, ఒహాయోలోని పాత మట్టిదిబ్బల్లో కూడా ఈ కొండ రాయి దొరికింది. చేతులు మారుతూ మారుతూ అంత దూరం పోయిందన్నమాట!

పార్కు ఏర్పడేనాటికి ఆ కొండల్లో టుకుడికా అనే షోషోనీ తెగవాళ్లున్నారు. ఆ పేరుకు కొండగొర్రెలు తినేవాళ్లని అర్థం. సామాన్లు కుక్కల మీద వేసి నడిచేవాళ్లు. వాళ్ల విల్లు చూడాలి! మెలితిరిగిన గొర్రెకొమ్మును వేడితో మెత్తబరచి, సాగదీసి, చెక్కి, విల్లు వెనకవైపు జంతువుల నరాలను జిగురుతో అతికించేవాళ్లు. ఒక్క విల్లుకు నెలలు పట్టేది. ఇరుగుపొరుగు తెగలు దానికి గుర్రాలిచ్చి కొనుక్కునేవి.

1877లో సైన్యం తరుముతుంటే నెజ్ పెర్స్ తెగవాళ్లు పిల్లాజెల్లాతో, గుర్రాల మందలతో పార్కు గుండానే పారిపోయారు. దారిలో యాత్రికులు ఎదురుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. ఇలాంటి వార్తలొస్తే టూరిస్టులు వస్తారా? అప్పటి పార్కు అధికారి ఫిలీటస్ నోరిస్‌కు అదే టెన్షన్. ఇండియన్లకు, అంటే అక్కడి ఆదివాసులకు, గీజర్లంటే భయమని, వాటి దగ్గరికే రారని ఆయన ప్రచారం మొదలుపెట్టాడు. కొద్ది ఏళ్లలోనే టుకుడికాలను రిజర్వేషన్లకు, అంటే ఆదివాసులకని ప్రభుత్వం కేటాయించిన ప్రాంతాలకు తరలించారు. ఆ భయం కథ మాత్రం చాలాకాలం నిలిచింది. వేడినీటి బుగ్గల పక్కనే వాళ్ల విడిదుల ఆనవాళ్లు దొరికాయి మరి!

1886లో పార్కు సైన్యం చేతికి వెళ్లింది, మూడు దశాబ్దాలు అక్కడే ఉంది. దొంగవేటను సైనికులు కొంత అరికట్టారు కూడా, ఆ మాట చెప్పుకోవాలి. అయినా 1902 నాటికి అడవి దున్నలు పాతిక కూడా మిగల్లేదు.

పార్కులో ఒక శిఖరానికి గుస్తావస్ డోన్ అనే సైనికాధికారి పేరుండేది. 1870లో పీగన్ బ్లాక్‌ఫీట్ తెగవాళ్ల గుడారాల మీద జరిగిన దాడిలో పాల్గొన్నవాడు ఆయన. ఆ రోజు కనీసం 173 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. పార్కుకు నూట యాభై ఏళ్లు నిండిన 2022లో ఆ పేరు తీసేశారు. ఇప్పుడు మ్యాపులో దాని పేరు ఫస్ట్ పీపుల్స్ మౌంటెన్, తొలి మనుషుల కొండ.