ఘాట్ ఎక్కినంక బండి గుంజుతలేదా? ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఏమైతదో చూద్దాం

[షాట్: ఈగలపెంట ఘాట్ మలుపు. ఆ వెంటనే డ్యాష్‌బోర్డు, ఆర్‌పీఎం ముల్లు దగ్గరగా.]

శ్రీశైలం పోయి వాపస్ వస్తున్నరనుకోండ్రి. కృష్ణ మీది బ్రిడ్జి దాటంగనే ఈగలపెంట దిక్కు ఎక్కుడు మొదలైతది. బండి నిండ మనుషులు, డిక్కి నిండ సామాను, ఏసీ ఫుల్లు. రాత్రి తొమ్మిదికి అమ్రాబాద్ అడవి గేట్లు పడ్తయి, మళ్ల పొద్దున ఆరుకే లేస్తయి. ఆ లోపల చెక్‌పోస్టు దాటాలని ఉరుకుడు. ముంగట లారీ, దాని ఎనుక మీరు. సందు దొరికినప్పుడల్లా రేస్ తొక్కుడు, మలుపు రాంగనే బ్రేక్ కొట్టుడు.

ఒక మలుపుల ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతదో చూపెట్టేది) మూడు వేల కాడి నుంచి ఐదు వేలకు ఎగురుతది. ఇంజిన్ అరుస్తది. బండి మాత్రం ఎంత పోతుండెనో అంతే పోతది. లోపల ఏదో మాడినట్టు వాసన.

[స్క్రీన్ మీద అక్షరాలు: స్పీడు కాదు, జారుడు]

ఇట్ల అయినోళ్లు మెకానిక్ షెడ్డుకు వచ్చి చెప్పే మాట ఒక్కటే: "అన్నా, హైవే మీద నూటిరవైల కొట్టిన, అందుకే పోయినట్టుంది." కాదు. జడ్చర్ల కాడ హైవే ఎక్కి కొత్తకోట దాకా ఒకే తీరుగ వందల పోయినా గేర్‌బాక్స్‌కు పెద్ద కష్టం లేదు. దాన్ని తినేది ఇరవై కిలోమీటర్ల స్పీడు. ఎందుకో తెల్వాలంటే టార్క్ కన్వర్టర్ సంగతి చూడాలె.

[బొమ్మ: టార్క్ కన్వర్టర్ కోసి చూపినట్టు. ఎడమ దిక్కు ఇంపెల్లర్, కుడి దిక్కు టర్బైన్, నడుమ స్టేటర్.]

ఆటోమేటిక్‌ల క్లచ్ పెడల్ ఉండది గద. మరి సిగ్నల్ కాడ బండి ఆగినా ఇంజిన్ ఎట్ల బందు కాకుంట ఉంటది? ఇంజిన్‌కు, గేర్లకు నడుమ ఆయిల్ నిండిన ఒక గుండ్రటి డొల్ల ఉంటది. అండ్ల ఎదురెదురుగ రెండు రెక్కల చక్రాలు. ఒకటి ఇంజిన్‌ది, ఇంకోటి గేర్లది. ఇంజిన్ చక్రం తిరుగుకుంట ఆయిల్‌ను ఎదుటి చక్రం మీదికి విసుర్తది, ఆ ఊపుకు అది తిరుగుతది. రెండిటికీ ఇనుప కట్టు ఏదీ లేదు, నడిపిచ్చేది ఆయిలే. బండి నిలువు మీద నుంచి కదిలేటప్పుడు నడుమ ఉన్న స్టేటర్ ఆ ఆయిల్‌ను మలిపి బలాన్ని దాదాపు రెండింతలు చేస్తది. అందుకే ఆటోమేటిక్ బండ్లు మొదట్ల మంచిగ గుంజుతయి.

చిక్కు కూడ అక్కడనే ఉంది. ఇంజిన్ చక్రం మూడు వేలు తిరిగి, గేర్ చక్రం వెయ్యే తిరిగితే, నడుమ తగ్గిన పని ఎటు పోయినట్టు? మొత్తం వేడి అయి ఆయిల్‌లకు పోయింది. లెక్క చేద్దాం. ఆ జారుడుల ఇరవై కిలోవాట్లు పోయినయనుకోండ్రి, ఘాట్ మీద అదేం ఎక్కువ కాదు. లోపల ఆరు లీటర్ల ఆయిల్. ఇనుము పీల్చుకునేది, ఆయిల్‌ను చల్లార్చే కూలర్ తీసుకపోయేది పక్కకు పెడితే, సెకనుకు రెండు డిగ్రీల లెక్కన వేడెక్కుతది. అర నిమిషం అట్లనే తొక్కి పట్టుకుంటే ఏమైతదో మీరే చూడుండ్రి.

హైవే మీద ఇది ఉండది. స్పీడు నిలకడగ ఉన్నప్పుడు లోపలి లాకప్ క్లచ్ ఆ రెండు చక్రాలను కలిపి కట్టేస్తది. జారుడు ఉండది, వేడి ఉండది. పైంగ రేడియేటర్‌కు ఎదురుగాలి. ఘాట్ మీద లాకప్ మాటిమాటికి ఇడిసి పడ్తది, గాలేమో రాదు. నల్లగొండ ఎండల సంగతి తెలిసిందే, ఏప్రిల్, మే నెలల్ల నలభై నాలుగు డిగ్రీలు దాటినా ఎవ్వరూ ఆశ్చర్యపోరు. గట్లాంటి గాలితోటి చల్లారాలె అది.

[స్క్రీన్ మీద థర్మామీటర్ బొమ్మ, కింది నుంచి పైకి అంకెలు]

మామూలుగ ఆ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల నడుమ ఉంటది. 115 దాటితే ఆయిల్ కాలుడు షురువై, జిగటగ వార్నిష్ లెక్క అంటుకుంటది. 125, 130కి రబ్బర్ సీళ్లు గట్టిపడ్తయి. 145, 150 దాకా పోతే క్లచ్ ప్లేట్లు పట్టు ఇడుస్తయి. బండి బండికీ, ఆయిల్ ఆయిల్‌కూ కొంచెం తేడా ఉంటది గాని వరుస ఇదే.

ఈ గేర్‌బాక్స్‌ల గేర్లను పట్టేది క్లచ్ ప్లేట్లు, వాటిని అదిమి పెట్టేది ఆయిల్ ప్రెషర్. సీలు గట్టిపడితే ప్రెషర్ లీకైతది. ప్రెషర్ తగ్గితే ప్లేటు జారుతది. జారితే ఇంకింత వేడి పుడ్తది, ఆ వేడికి ఇంకో సీలు పోతది. గిర్నీల పట్టా వదులై జారితే వాసన వస్తది సూడు, గింజ మాత్రం నలగది. గదే కథ, కాకపోతే ఇక్కడ పట్టా కంటికి కనబడది. మాడిన ప్లేటు పొడి ఆయిల్‌ల కలిసి, ఏ క్లచ్‌కు ఆయిల్ పంపాల్నో చూసే వాల్వ్ బాడీలకు పోయి, సన్న దారులను మూసేస్తది. అక్కడి నుంచి గేర్ పడుడు కూడ కొట్టినట్టు పడ్తది.

[షాట్: గేర్ లివర్లు మూడు రకాలు పక్కపక్కన]

ఇంతదాక చెప్పింది అన్ని ఆటోమేటిక్‌లకు సరిపోదు. మన దిక్కు చిన్న ఆటోమేటిక్ కార్లల్ల చానా మటుకు ఏఎంటీలే. 2014ల మారుతి సెలెరియోతోటి మన దేశంల అది మొదలైంది. మీ లివర్ మీద 'పి' (పార్కింగ్) అక్షరం లేకుంటే, ఆర్, ఎన్, డి, ఎం మాత్రమే ఉంటే, మీది ఏఎంటీ అన్నట్టే. అది లోపల మామూలు గేర్ బండే. మీ కాలు తొక్కే క్లచ్‌ను మోటరు తొక్కుతది, అంతే. దాంట్ల టార్క్ కన్వర్టర్ లేదు. మాన్యంకొండ ఘాట్ మీద బ్రేక్ పట్టకుంట రేస్ మీదనే బండిని నిలబెడితే మాడేది సీదా క్లచ్ ప్లేటు. నిలబడాల్సి వస్తే కాలు బ్రేక్ మీద ఉండాలె, లేకుంటే హ్యాండ్ బ్రేక్ గుంజాలె.

డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లు ఉండే) బండ్లల్ల డ్రై క్లచ్‌వి, అంటే క్లచ్‌లు ఆయిల్‌ల మునగనివి, ఇంకో తీరు. వాటికి పగ ఘాట్ కంటే ట్రాఫిక్. సంక్రాంతికి ముందు పంతంగి టోల్ కాడ విజయవాడ దిక్కు పోయే లైను యాది చేసుకోండ్రి. అడుగు అడుగు పాకుకుంట పోతే క్లచ్ సగం పట్టి సగం జారుకుంటనే ఉంటది. ముందు బండికి కొంచెం సందు ఇచ్చి, ఆగి, ఒక్కసారి కదలాలె. వెట్ క్లచ్‌వి ఆయిల్‌ల మునిగి ఉంటయి కాబట్టి ఓర్చుకుంటయి.

సీవీటీల గేర్లే ఉండయి. రెండు పుల్లీలు, నడుమ స్టీలు బెల్టు. ఒక్కసారి బెల్టు జారి పుల్లీ మీద గీత పడ్డదంటే బాగు చేసుడు కష్టం. దాంట్ల వేరే ఆయిల్ పోయొద్దు.

[షాట్: వాన పడ్డ పొలం బాట, దిగబడ్డ టైరు]

ఘాట్ తర్వాత బాక్సులను ఎక్కువ కొట్టేది ఇదిగో, ఇది. నాట్ల టైంల రేగడి భూమిల కారు దిగబడ్తది. అందరూ చేసే పని, డి ఏసి రేస్, ఆర్ ఏసి రేస్, బండిని ముందుకు ఎనుకకు ఊపుడు. మీటర్ల అరవై చూపెడ్తది, బండి ఉన్న జాగలనే ఉంటది. గిర్రున తిరుగుతున్న టైరుకు ఒక్కసారి రాయి దొరికి పట్టు దొరికిందనుకోండ్రి, ఆ దెబ్బ మొత్తం గేర్లు, యాక్సిల్ మీద పడ్తది. బండి పూర్తిగ ఆగకముందే ఆర్ నుంచి డి ఏస్తే క్లచ్ ప్లేటే బ్రేక్ పని చెయ్యాల్సి వస్తది. దానికి బదులు టైర్ల కింద పత్తికట్టె, కందికట్టె, రాళ్లు ఏది దొరికితే అది తొయ్యుండ్రి. లో గేరు ఏసి, మెల్లగ కాలు ఆనించండ్రి. అయినా కదలకుంటే ట్రాక్టర్‌ను పిలుచుకునుడే. దాంట్ల నామోషీ ఏం లేదు.

[షాట్: రోడ్డు పక్కన ఆపిన కారు, బానెట్ మూసి]

ఇగ ఘాట్ మీద ముల్లు ఎగిరింది, లేకుంటే గేర్‌బాక్స్ టెంపరేచర్ లైటు వచ్చింది. అప్పుడేం చెయ్యాలె? వెడల్పు జాగ చూసి పక్కకు ఆపుండ్రి. లివర్ 'పి'ల పెట్టి హ్యాండ్ బ్రేక్ గుంజుండ్రి. ఏసీ బందు చెయ్యుండ్రి. ఇంజిన్‌ను మాత్రం ఆడనియ్యుండ్రి. చానా మంది ఇక్కడ బందు చేస్తరు. టార్క్ కన్వర్టర్ బాక్సుల ఆయిల్‌ను కూలర్‌కు పంపే పంపు ఇంజిన్ తిరిగితేనే తిరుగుతది, బందు చేస్తే కాగిన ఆయిల్ ఉన్నకాడనే ఉంటది. రెండు సందర్భాలల్ల మాత్రం వెంటనే బందు చెయ్యాలె: ఇంజిన్ టెంపరేచర్ ముల్లు కూడ పైకి పోతే, లేకుంటే బండి కింద ఆయిల్ కారుతుంటే.

చల్లారినంక లో గేరుల, మాన్యువల్ మోడ్‌ల ఎక్కుండ్రి. గేరు మాటిమాటికి మారకుంట ఉంటే ఆయిల్‌కు కొంచెం ఊపిరి దొరుకుతది. దిగుడుల కూడ అంతే, లో గేరు పట్టుకుంటే బ్రేకులు మాడవు. న్యూట్రల్‌ల పెట్టి దిగితే పెట్రోల్ మిగులుతదనేది ఉత్త ముచ్చట. ఇంజిన్ బండిని ఆపి పట్టుడు (ఇంజిన్ బ్రేకింగ్) పోతది, పాణం మీదికి వస్తది.

బండి ఒక్క గేరుల ఇరికి, ఎంత తొక్కినా నలభై దాటకపోతే అది లింప్ మోడ్. బాక్స్‌ను కాపాడుకోనికి కంప్యూటరే చేసిన పని. అట్లనే కల్వకుర్తి దాకా లాగుదాం అనొద్దు. బండిని మొత్తం మీదికి ఎక్కిచ్చుకునే లారీని, ఫ్లాట్‌బెడ్‌ను, పిలిపియ్యుండ్రి. ముందు చక్రాలతోటి నడిచే ఆటోమేటిక్‌ను, ఆ చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి గుంజుకపోతే, ఇంజిన్ బందు ఉండి ఆయిల్ అందక లోపల గేర్లు పొడిగనే తిరుగుతయి. ఫ్లాట్‌బెడ్ కిరాయి మిగిలిచ్చుకుందామని బాక్సే పోగొట్టుకున్నట్టు అయితది.

[షాట్: షెడ్డు లోపల, స్కానర్ స్క్రీన్, తర్వాత ప్యాన్ విప్పుతున్న చేతులు]

షెడ్డుకు పోయినంక ముందుగాల స్కానర్ పెట్టియ్యుండ్రి, బండి కంప్యూటర్ల పడ్డ తప్పుల కోడ్లను అది సదువుతది. పి0218 అంటే ఆయిల్ వేడెక్కిందని. పి0741 అంటే లాకప్ సరిగ పడుతలేదని. పి0730 వచ్చిందంటే గేరు జారుతున్నదని అనుమానం. పి0700 ఒక్కటే వస్తే దాంట్ల సంగతి ఏం లేదు, లోపల ఇంకో కోడ్ ఉందని మాత్రమే.

తర్వాత ఆయిల్. కొత్తది చానా మటుకు ఎర్రగ ఉంటది. గోధుమ రంగుకు తిరిగితే పాతపడ్డట్టు, నల్లగై మాడు వాసన వస్తే ప్లేట్లు కాలినట్టు. రోజాపువ్వు రంగుల పాల లెక్క అయితే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ కలిసింది, ఇంజిన్ స్టార్టే చెయ్యొద్దు.

"లైఫ్‌టైం ఆయిల్ అన్నా, మార్చే పని లేదు" అంటరు. నేను ఒప్పుకోను. ఆ మాట చల్లటి ఊర్లల్ల మెల్లగ నడిచే బండికి. ఓనర్ మాన్యువల్‌ల కఠిన వాడకం అని వేరే పేజీ ఉంటది, ఘాట్, దుమ్ము, ఎండ, ట్రాఫిక్ అన్ని అండ్లనే. మన బండ్లన్నీ ఆ పేజీ కిందికే వస్తయి. ఇంకో మాట కూడ వింటరు: ఆయిల్ మార్చినంకనే బాక్స్ పోయిందని. ఎక్కువ మటుకు అది అప్పటికే జారుతుండె, ఆఖరి ఆశగ ఆయిల్ మార్చిండ్రు. కాలిన ప్లేటుకు కొత్త ఆయిల్ మందు కాదు.

ఒక్కసారి డ్రెయిన్ చేస్తే మొత్తం ఆయిల్ రాదు, చానా భాగం కన్వర్టర్‌లనే ఉంటది. లెవెల్ కూడ ఇంజిన్ ఆయిల్ లెక్క చూసేది కాదు. కొత్త బాక్సులల్ల చానా వాటికి ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్కే ఉండది. కంపెనీ చెప్పిన టెంపరేచర్ల, బండి సమానంగ ఉండంగ, ఇంజిన్ ఆడుతుండంగ చూడాలె. ఎక్కువ పోస్తే నురుగు కడ్తది. నురుగుతోటి ప్రెషర్ రాదు, మళ్ల అదే జారుడు.

మెకానిక్ ప్యాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ పట్టే తట్ట) విప్పేటప్పుడు పక్కన నిలబడుండ్రి. లోపల చిన్న అయస్కాంతాలు ఉంటయి. వాటి మీద సన్నటి బూడిద రంగు పేస్టు ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుడే. ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఒక వారం నడిపి చూడుండ్రి. నల్లటి పీచు, ఇత్తడి రవ్వలు, గోరంత ఇనుప ముక్క కనిపిస్తే మాత్రం కొత్త ఆయిల్‌కు పైసలు పెట్టకుండ్రి. అది బాక్స్ దించి చూడాల్సిన కేసు.